గట్టు మీది టేకుకు ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

కిందటి ఎండాకాలం నర్సంపేట వైపు నుంచి ఒక రైతుల సంఘం వాళ్ళు హనుమకొండలో నేను పనిచేసే చోటికి వచ్చారు. చేతిలో రెండు కొటేషన్లు. ఒకటి ఉపగ్రహ చిత్రాలతో చెట్ల కార్బన్ లెక్కగట్టే ప్లాట్‌ఫాం, ఏడాదికింత అని చందా. రెండోదానికి చందా లేదు, రాబోయే కార్బన్ క్రెడిట్లలో వాటా ఇవ్వాలి. "అన్నా, రెండిట్ల ఏది మంచిది?" అన్నారు. మ్యాపులు, సర్వే డేటా నా రోజువారీ పని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ముందు చెట్లెన్ని ఉన్నాయని అడిగాను. నలుగురు నాలుగు అంకెలు చెప్పారు. ఆ రోజుకు సాఫ్ట్‌వేర్ మాట పక్కకు పోయి, చెట్ల మాటే నడిచింది.

చెట్లు గాలిలోంచి పీల్చి దాచుకున్న కార్బన్‌ను అమ్ముకునే లెక్కే కార్బన్ క్రెడిట్. క్రెడిట్ ఒక్కటికి లెక్క ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. నిలబడ్డ చెట్టును కాటా మీద పెట్టలేం కాబట్టి, ఛాతీ ఎత్తులో, అంటే మన అటవీ శాఖ లెక్కన నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర టేపు చుట్టి కొలుస్తారు. అందులోంచి వ్యాసం తీస్తారు. దానికి ఎత్తు, కలప సాంద్రత కలిపి సూత్రంలో వేస్తే ఎండు బరువు వస్తుంది. ఉష్ణమండల చెట్లకు బాగా వాడుకలో ఉన్నది షావ్ బృందం 2014లో ఇచ్చిన సూత్రం.

చుట్టుకొలత 60 సెంటీమీటర్లు, ఎత్తు 12 మీటర్లు ఉన్న టేకు అనుకుందాం. వ్యాసం 19.1 సెంటీమీటర్లు. సాంద్రత 0.6 వేస్తే నేల పైన ఉన్న ఎండు బరువు సుమారు 146 కిలోలు. పొడి అడవుల లెక్కన వేర్లకు 28 శాతం కలిపితే 187. అందులో 47 శాతం కార్బన్, అంటే 88 కిలోలు. దాన్ని 3.67తో గుణిస్తే 323 కిలోల కార్బన్ డయాక్సైడ్. అలాంటివి మూడు కలిస్తే టన్నుకు కాస్త తక్కువ. అది కూడా చెట్టు పుట్టినప్పటి నుంచి కూడబెట్టుకున్న మొత్తం. పన్నెండేళ్ళ చెట్టయితే సగటున ఏడాదికి 27 కిలోలు. ఈ లెక్క బోర్డు మీద వేసేసరికి వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు అంతకు ముందు చెప్పిన అంకె దీనికి చాలా దూరంలో ఉంది మరి.

పై లెక్కంతా ఎక్సెల్‌లో ఒక్క వరుస. అందుకే నేను పోల్చడం ఎక్సెల్ దగ్గరే మొదలుపెడతాను. ప్రతి గడిలో ఏముందో కనపడుతుంది. సాంద్రత 0.6 బదులు 0.5 వేస్తే 323 కాస్తా 270 అవుతుందని రైతు కళ్ళ ముందే చూపించవచ్చు. తనిఖీకి వచ్చినవాళ్ళూ సూత్రం మీద క్లిక్ చేసి చూసుకోవచ్చు. కానీ ఎక్సెల్‌కు నోరు లేదు. మనం ఏది పెడితే దానికి సరే అంటుంది.

మన దగ్గర దీంతో వచ్చే పెద్ద చిక్కు ఒకటుంది. ఇక్కడ కొలిచేది చుట్టుకొలత, బయటి సాఫ్ట్‌వేర్లు అడిగేది వ్యాసం. 60ని తీసుకెళ్ళి వ్యాసం గడిలో పెడితే అదే టేకు 3 టన్నులు చూపిస్తుంది. తొమ్మిది రెట్లు ఎక్కువ. ఈ తప్పు నేను కూడా చేశాను, నలభై చెట్ల జాబితాలో. షీటు మెదలకుండా ఊరుకుంది. పట్టుకున్నది కొలతలు తీసిన పిల్లగాడు: "సార్, గీ టేకు మా ఇంటి దూలం కంటే లావున్నదా?" అప్పటి నుంచి ఏ ప్లాట్‌ఫాం వాళ్ళు డెమో ఇచ్చినా ముందు ఈ తప్పు అంకె కావాలని వేసి చూస్తాను. కొన్ని ఎర్ర గీత చూపిస్తాయి. కొన్ని సంతోషంగా మింగేస్తాయి.

చెట్లు వేలల్లోకి వెళితే ఎక్సెల్ కష్టం. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని ఫైళ్ళు పిల్లలు పెడతాయి. అప్పుడు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బయోమాస్ అనే ప్యాకేజీ ఉంది, ఉచితంగా దొరుకుతోంది. చెట్టు శాస్త్రీయ నామంలో అక్షర దోషాలు దిద్దుతుంది, సాంద్రత తనే వెతికి తెస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన అంకె ఎంత అటూ ఇటూ అయ్యే వీలుందో కూడా చెబుతుంది. ఆ చివరి సంగతికి విలువ ఎక్కువ. సీడీఎం అనే ఐక్యరాజ్యసమితి క్రెడిట్ల ఏర్పాటు ఉండేది, దాని చెట్ల పథకాల పద్ధతిలో 90 శాతం నమ్మకంతో 10 శాతానికి మించి తేడా వచ్చే అవకాశం ఉంటే లెక్కలో కోత పడేది. కాకపోతే ఆర్‌కు నల్లమద్ది, తెల్లమద్ది అంటే అర్థం కాదు. రెండూ టెర్మినేలియాలే అయినా రెండిటి సాంద్రత ఒకటి కాదు. ఊరి పేర్లకు శాస్త్రీయ నామాలు రాసిన ఒక పట్టిక ముందు మీరే తయారుచేసుకోవాలి, అదీ చెట్లెరిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా మన జాతులకు విడివిడిగా ఇచ్చిన ఘనపరిమాణ సూత్రాలు కూడా వాడవచ్చు. వాటిలో ముందు ఘనపరిమాణం వస్తుంది, బరువు మనం తీసుకోవాలి.

ఇక అందరికీ మోజు ఉన్న ఉపగ్రహం దగ్గరికి వద్దాం. గూగుల్ ఎర్త్ ఇంజిన్ తెరిస్తే సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో, అయిదు రోజులకోసారి వస్తాయి. ల్యాండ్‌శాట్ దశాబ్దాల వెనకటి చిత్రాలు కూడా ఉన్నాయి. పరిశోధనకు, వ్యాపారం కాని పనులకు ఉచితం. క్రెడిట్లు అమ్ముకునే పనైతే డబ్బు కట్టాల్సి రావచ్చు, ముందే షరతులు చదువుకోవాలి. వచ్చిన పటాలు సరిచూసుకోవడానికి, సర్వే నంబర్ల గీతలు వేసుకోవడానికి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. దానికి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు.

కానీ మన అడవి ఆకు రాల్చే అడవి. తాడ్వాయి, పాకాల వైపు మార్చిలో వెళ్ళి చూడండి, టేకు మోడులా నిలబడి ఉంటుంది. వేరే దేశపు సతతహరిత అడవి చూసి నేర్చుకున్న మోడల్‌కు ఈ మార్చి చిత్రం ఇస్తే అడవి పోయిందంటుంది. వానాకాలంలో ఆకు ఉంటుంది, పైన మబ్బు కూడా ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో మబ్బు తేలిపోయాక తీసిన చిత్రాలే నాకు పనికొచ్చాయి. అప్పుడు చేలన్నీ పత్తితో పచ్చగా ఉంటాయి. 10 మీటర్ల చదరంలో గట్టు మీది టేకు వరస ఒక వంతు, పత్తి తొమ్మిది వంతులు. నర్సంపేట సంఘానికి కొటేషన్ ఇచ్చిన ప్లాట్‌ఫాం ఆ చదరాన్ని ఎలా చదువుతుందని ఫోన్‌లో అడిగాను. "మా ఏఐ చూసుకుంటుంది సార్" అన్నారు.

దట్టమైన అడవి అయితే ఇంకో ఇబ్బంది. పచ్చదనం ఒక స్థాయి దాటాక ఉపగ్రహానికి చిన్న టేకుకు పెద్ద టేకుకు తేడా తెలియదు. ఆకు ఆకే కదా. లేజర్‌తో ఎత్తు కొలిచే నాసా జెడై పరికరం ఆ లోటు కొంత తీరుస్తుంది కానీ అది నేలంతా తడమదు, 25 మీటర్ల చుక్కలుగా మాత్రమే కొలుచుకుంటూ పోతుంది.

అలాగని ఉపగ్రహాన్ని తీసిపారేయను. అది తప్ప ఇంకేదీ చెప్పలేని సంగతి ఒకటుంది: గతం. క్రెడిట్లు జారీచేసే వెర్రా అనే సంస్థ నియమాల ప్రకారం ప్రాజెక్టు మొదలవడానికి ముందు పదేళ్ళలో సహజ అడవి కొట్టిన నేల క్రెడిట్లకు పనికిరాదు. పోడు పట్టా భూముల్లో మామిడో టేకో పెట్టినవాళ్ళకు ఇదే ప్రాణసంకటం. అటవీ హక్కుల చట్టం చూసే తేదీ 2005 డిసెంబర్ 13, క్రెడిట్లవాళ్ళు చూసే తేదీ వేరు. చేతిలో పట్టా ఉంది కదా అని ధీమాగా ఉంటే కుదరదు. పాత ల్యాండ్‌శాట్ చిత్రాలు నాలుగు తీసి పక్కపక్కన పెడితే సగం రోజులో తేలిపోతుంది, అర్హత ఉందో లేదో. కొటేషన్ల దాకా పోకముందే చేయాల్సిన పని ఇది.

ఏది మేలనే ప్రశ్నకు సగం జవాబు క్రెడిట్లు లెక్కగట్టే పద్ధతిలోనే ఉంది. చెట్ల పెంపకానికి వెర్రా 2023లో తెచ్చిన వీఎం0047 అనే పద్ధతిలో రెండు దారులున్నాయి. ఒకటి విస్తీర్ణం లెక్క: మీ నేలలో పచ్చదనం ఎంత పెరిగిందో, అలాంటివే చుట్టుపక్కల నేలల్లో ఎంత పెరిగిందో ఉపగ్రహంతో పోల్చి, తేడాకే క్రెడిట్ ఇస్తారు. రెండోది గణన: నాటిన చెట్లను లెక్కబెడతారు. చేల మధ్య, గట్ల మీద చెదురుమదురుగా ఉన్న చెట్లకు ఈ రెండోదే అతుకుతుంది. కాబట్టి ఉపగ్రహ ప్లాట్‌ఫాం ఎంత గొప్పదైనా మా నర్సంపేటవాళ్ళకు అది పక్కింటి తాళంచెవి లాంటిదే.

వాళ్ళకు కావాల్సింది చెట్టు దగ్గర పనిచేసే ఫారం. కోబో టూల్‌బాక్స్‌లో తెలుగులో ప్రశ్నలు రాసుకోవచ్చు, సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో నింపుకోవచ్చు, ఊళ్ళోకి వచ్చాక పంపవచ్చు. టేపు చుట్టిన చెట్టు ఫోటో, జీపీఎస్ చుక్క అందులోనే వచ్చేస్తాయి. క్యూజీఐఎస్ తెలిసినవాళ్ళుంటే దాని ఫోన్ రూపం క్యూఫీల్డ్ ఇంకా బాగుంటుంది, ఎవరి చేను హద్దు ఎక్కడుందో పటం మీద చూస్తూనే కొలవవచ్చు. అయితే ఫోన్ జీపీఎస్ బయలులోనే అయిదు మీటర్లు అటూ ఇటూ పోతుంది. ఇద్దరి పొలాల మధ్య గట్టు మీది టేకు ఎవరి ఖాతాలో పడాలన్న తగాదా ఏ సాఫ్ట్‌వేరూ తీర్చదు. ఇద్దరూ రాయించుకుంటే ఒకే చెట్టు రెండుసార్లు అమ్ముడుపోతుంది. చెట్టు మీద పెయింటుతో నంబరు వేయాలి, అంతే.

పనిలో పనిగా ఊరి పేర్ల సంగతి. ఒక యాప్‌లో 'ములుగు' అని కొడితే చుక్క సిద్దిపేట జిల్లా ములుగులో, అంటే అటవీ కళాశాల ఉన్నచోట పడింది. మన ములుగు 2019లో జిల్లా అయింది. అయినా పాత పటాల్లో ఇప్పటికీ పది జిల్లాల తెలంగాణే కనిపిస్తుంది. ఊరి పేరుతో కాదు, గ్రామ కోడ్‌తో వెతికే సాఫ్ట్‌వేర్ అయితేనే నమ్మండి.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ వాళ్ళ లెక్కల పనిముట్టు ఎక్స్-యాక్ట్ గురించి కూడా అడుగుతుంటారు. ప్రాజెక్టు మొదలుపెట్టక ముందు, పెడితే సుమారుగా ఎంత రావచ్చో చూసుకోవడానికి మంచిదే. క్రెడిట్ల జారీకి అది సరిపోదు.

మరి డబ్బు కట్టే ప్లాట్‌ఫాంలు దేనికి? అవి బాగా చేసే పని కొలవడం కాదు, కాగితాలు. మూడు వందల మంది రైతుల ఒప్పుదల పత్రాలు, ఏ చెట్టు ఎప్పుడు ఎవరు కొలిచారు, ఎప్పుడు మార్చారు అన్న చరిత్ర, బయటి ఆడిటర్‌కు ఇచ్చే మూట. ఇదంతా చేత్తో చేస్తే పిచ్చెక్కుతుంది. వాటా తీసుకునే కంపెనీని దోపిడీదారు అనడానికి కూడా నాకు నోరు రాదు. క్రెడిట్ చేతికి రాకముందే రిజిస్ట్రేషన్, ఆడిట్ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి, చిన్న సంఘానికి అది మోయలేని బరువు. నా అభ్యంతరం వేరే చోట. ఆ వాటా ఒప్పందంలో చెట్ల డేటా కంపెనీదే అని ఒక వాక్యం ఉంది. నడుమ వదిలేస్తే రైతులు మళ్ళీ మొదటి చెట్టు నుంచి కొలుచుకోవాలి. సీఎస్‌వీ ఫైలుగా మొత్తం డేటా ఎప్పుడంటే అప్పుడు దించుకునే వీలు, సూత్రం బయటపెట్టడం, ఈ రెండూ రాసివ్వని వాళ్ళతో చందా అయినా వాటా అయినా వద్దన్నాను.

ఇంకో ప్రశ్న కూడా వేయమన్నాను: చెట్లు పోతే ఏమవుతుంది? 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వచ్చిన సుడిగాలికి వందల ఎకరాల్లో వేలాది చెట్లు కొన్ని గంటల్లోనే వేర్లతో సహా పడిపోయాయి. ఇలాంటి ముప్పుకే ప్రతి ప్రాజెక్టు నుంచి కొన్ని క్రెడిట్లు అమ్మకుండా ఉమ్మడి నిల్వలో పెట్టిస్తారు. రెండు కొటేషన్లలోనూ ఆదాయం అంచనాలో ఆ కోత లేదు.

దేశీయ మార్కెట్‌కు ఆగుదామా అని కూడా వాళ్ళడిగారు. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నడిపే కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీం 2023లో వచ్చింది. 2025 మార్చిలో ఆమోదం పొందిన తొలి విడత పద్ధతుల్లో చెట్ల పెంపకానికి సంబంధించినది మడ అడవుల పెంపకం. మనకు సముద్రమెక్కడిది! గ్రీన్ క్రెడిట్ అనేది ఇంకో పథకం, దాని క్రెడిట్‌కూ టన్నుకూ సంబంధం లేదు. కొటేషన్లలో ఈ రెండు పేర్లూ కలిపేసి రాస్తారు, చూసుకోవాలి.

మన ప్రాంతానికి ఇది కొత్త వ్యాపారమేం కాదు. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని పవర్‌గూడ గోండు మహిళా సంఘాలు 2003లోనే 147 టన్నులు ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మాయి. వాళ్ళు లెక్కగట్టింది డీజిల్ బదులు వాడే కానుగ నూనె. నూనెను కొలపాత్రతో కొలవవచ్చు. చెట్టుతో ఆ సుఖం లేదు.

నర్సంపేటవాళ్ళకు చివరికి చెప్పింది ఇది: రెండు కొటేషన్లూ బీరువాలో పెట్టండి. ముందు కోబోలో చెట్లు ఎక్కించండి, లెక్క ఎక్సెల్‌లో, అయిదు వేలు దాటితే ఆర్‌లో. పాత ఉపగ్రహ చిత్రాల పని నేను చేసిపెడతాను. జాబితా చేతిలో ఉన్నాక వాటా కంపెనీలతో బేరం మీది. ఇదే మాట పాకాల పక్కన అడవి బ్లాకు చూసే వన సంరక్షణ సమితి అడిగితే తలకిందులుగా చెప్పేవాణ్ణి: అక్కడ ప్రతి చెట్టూ కొలవలేరు. 31.62 మీటర్ల భుజం ఉన్న చదరాలు, అంటే పదో వంతు హెక్టారు ప్లాట్లు అక్కడక్కడా వేసి, మిగతాది ఉపగ్రహానికి వదలాలి.

ఫారం ఇప్పుడు వాడుకలో ఉంది. మొదటి ప్రశ్న 'చుట్టుకొలత, సెంటీమీటర్లలో'. వ్యాసం అనే మాట అందులో ఎక్కడా లేదు. 200 దాటితే ఫోటో లేకుండా ముందుకు పోదు. మొదటి వారమే ఒకాయన ఫోన్ చేసి కోప్పడ్డాడు, వాళ్ళ తాతల నాటి చింతచెట్టు 340 ఉందట.