మామోగ్రామా, అల్ట్రాసౌండా?

రొమ్ములో గడ్డ తగిలి మైదుకూరు నుంచో, బద్వేలు నుంచో కడపకు బయల్దేరే ఆడవాళ్లకు ఏ పరీక్ష ముందన్నది ఎక్కువగా వయసును బట్టే ఉంటుంది.

30 లోపైతే అల్ట్రాసౌండ్. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో, అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే పడి కలిసిపోతాయి. గడ్డలో ఉన్నది నీరా, గట్టి కండా అన్నది అల్ట్రాసౌండ్ తేలుస్తుంది.

40 దాటితే మామోగ్రామ్ ముందు. చేతికి అందని సన్నటి సున్నపు (కాల్షియం) రవ్వలను బాగా పట్టేది అదే. అల్ట్రాసౌండ్ వాటిని తరచూ వదిలేస్తుంది. మామోగ్రామ్‌కు రొమ్మును పలకల మధ్య కొన్ని క్షణాలు నొక్కుతారు, నొప్పి ఉండొచ్చు. నెలసరి అయిన మరుసటి వారం వెళ్తే తగ్గుతుంది. ఆ రోజు చంకల్లో పౌడర్ మాత్రం వద్దు, సున్నపు చుక్కల్లా కనబడుతుంది.

ఏ రిపోర్టు బాగున్నా గడ్డ తగులుతూనే ఉంటే ఊరుకోవద్దమ్మా, బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) గురించి డాక్టరును గట్టిగా అడగండి.