ఊకదుమ్ములో 6309 బేరింగ్: గట్టిదనం ఒక్కటే చూసి కొనకండి

రైస్‌మిల్లులో బెల్టుతో తిరిగే బ్లోయర్ షాఫ్టు మీద 6309 సైజు బాల్ బేరింగులోనే మూడు రకాలు వాడి చూసిన లెక్క ఇది: పేరూ ఊరూ లేని చౌక సరుకు, మామూలు 52100 రకం బేరింగు స్టీలు, కార్బోనైట్రైడింగ్ (వేడి మీద పైపొరలోకి కార్బన్, నైట్రోజన్ ఎక్కించడం) చేసిన స్టీలు. హార్డ్‌నెస్ మెషీను కింద పెడితే మూడూ 60 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సీ స్కేలు) అటూ ఇటూ చూపిస్తాయి. పోయే తీరు మాత్రం మూడింటిదీ మూడు దార్లు.

52100 అంటే దుకాణాల్లో ఈఎన్31 అనేదే. దాదాపు 1 శాతం కార్బన్, 1.3 నుంచి 1.6 శాతం క్రోమియం. చౌక సరుకులోనూ ఈ పాళ్లు సరిగ్గానే ఉండొచ్చు. అసలు తేడా ఉక్కు శుభ్రతలో ఉంది. కరిగిన ఉక్కులో ఆక్సిజన్ మిగిలితే అది అల్యూమినా రేణువులుగా గడ్డకట్టి లోపలే ఉండిపోతుంది. బాల్ దొర్లేటప్పుడు షియర్ ఒత్తిడి (పొరల్ని పక్కకు జరిపే ఒత్తిడి) ఎక్కువగా పడేది రేసు, అంటే బాల్ దొర్లే దారి, పైపొర మీద కాదు, దాని కింద మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూ లోతులో. సరిగ్గా అక్కడ గట్టి రేణువు ఉంటే చుట్టూ పగులు మొదలై పైకి పాకుతుంది. వాక్యూమ్ డీగ్యాసింగ్, అంటే కరిగిన ఉక్కులోని వాయువుల్ని శూన్యంలో లాగేయడం, చేసేది ఇందుకే. ఆక్సిజన్‌కు ఐఎస్‌ఓ 683-17 పెట్టిన హద్దు పది లక్షల్లో 15 భాగాలు. మంచి మిల్లులు 10 లోపే ఉంచుతాయి. ఎక్కువ సంఖ్యలో కొనేవాళ్లు డీలరు ద్వారా టెస్ట్ సర్టిఫికెట్ అడగొచ్చు. ఒకటీ రెండూ కొనేవాళ్లకు అది దొరకదు, అధీకృత డీలరు బిల్లే దిక్కు.

పోయిన బేరింగును పారేయకుండా ఔటర్ రింగు కోసి చూడండి. బెల్టు లాగే వైపు ఒక్కచోట లోతైన పెచ్చు లేచి, అంచులు నిటారుగా ఉండి, మిగతా రేసంతా అద్దంలా మెరుస్తుంటే అది ఉక్కు తప్పు. చౌక సరుకు ఇలాగే పోతుంది. రేసంతా మసకబారి, సూదిమొన పొడిచినట్టు గుంటలుండి, పెచ్చు బాణం మొనలా విప్పారితే పోయింది దుమ్ము వల్ల. గుంట అంచు కాస్త ఉబికి ఉంటుంది. బాల్ ఎక్కిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ అంచు మీదే. ఎంత శుభ్రమైన 52100 అయినా ఇక్కడ చేసేదేమీ లేదు, పెట్టిన డబ్బు సీలు లేనిచోట వృథా.

కార్బోనైట్రైడింగ్ రకం ఈ దుమ్ములోనే పైచేయి. దాని పైపొరలో గట్టిపరిచేటప్పుడు మార్పు చెందకుండా మిగిలిన ఆస్టెనైట్ (ఉక్కు తీసుకునే ఒక మెత్తని రూపం) 25-30 శాతం దాకా ఉంటుంది. మెత్తనిది కాబట్టి గుంట అంచు అణిగి ఒత్తిడి తగ్గుతుంది. దీనికీ ఒక చిక్కుంది. వేడి ఎక్కువైతే ఆ ఆస్టెనైట్ నిలవక వేరే రూపాల్లోకి విడిపోయి రింగు పెరుగుతుంది, ఇన్నర్ రేసు షాఫ్టు మీద వదులై జారుతుంది. 120 డిగ్రీలు దాటే చోట అందుకు తగ్గట్టు స్థిరీకరించినది అడిగి తీసుకోవాలి.

బిగింపులోనే సగం ఆయుష్షు పోయేది. షాఫ్టుకు ఎక్కించడానికి బేరింగును ఇండక్షన్ హీటరు మీద 80-100 డిగ్రీలకు వేడి చేస్తే చాలు. గ్యాస్ మంటతో కాల్చితే గట్టిదనం దిగుతుంది. 58 హెచ్‌ఆర్‌సీ కిందికి జారితే మోసే శక్తీ జారినట్టే. అనుమానం వస్తే కొత్త ఆకురాయి పెట్టి గీయండి. జారితే సరే, పట్టిందంటే రేసు మెత్తబడింది.

బెల్టు అతిగా బిగిస్తే బేరింగు ఆయుష్షు పడిపోతుందంటే మెకానిక్కులు నమ్మరు. 6309 డైనమిక్ రేటింగ్ (ఆయుష్షు లెక్కకు వాడే లోడు సంఖ్య) సుమారు 53 కిలోన్యూటన్లు. 1440 ఆర్‌పీఎం దగ్గర 5 కిలోన్యూటన్ల లోడుకు లెక్క ప్రకారం ఆయుష్షు సుమారు 13,800 గంటలు. బెల్టు బిగించి లోడు 10కి తీసుకెళితే మిగిలేది 1,700 చిల్లర. ఇక గ్రీజు: తిరిగి పెట్టేటప్పుడు ఒక్కో బేరింగుకు 12-13 గ్రాములు, అంతకు మించి కూరితే వేడెక్కుతుంది.