ఆరేళ్ల సీడింగ్ తర్వాత క్యూబిట్‌టొరెంట్ గురించి

డౌన్‌లోడ్ ఏ టొరెంట్ సాఫ్ట్‌వేర్‌తోనైనా అవుతుంది. దించుకున్నవాటిని ఏళ్ల తరబడి సీడ్‌లో ఉంచడంలోనే, అంటే ఇతరులు మన దగ్గర్నుంచి దించుకునేలా పంచుతూ ఉండటంలోనే, దాని పనితనం తెలుస్తుంది. నేను ఆరేళ్లుగా క్యూబిట్‌టొరెంట్ వాడుతున్నాను. ఉచితం, ప్రకటనల గోల లేదు. నా లిస్టులో డెబియన్ లినక్స్ ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్క్ ఫైళ్లు), లిబ్రేఆఫీస్ ఇన్‌స్టాలర్లు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని కాపీరైట్ తీరిపోయిన పాత పుస్తకాలు కలిపి 180 దాకా ఉన్నాయి.

మొదటి ఏడాదే డిస్క్ నిండిపోయింది. పెద్ద తెలివిగా ఫోల్డర్ మొత్తం కట్ చేసి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో పేస్ట్ చేశాను. యాప్ తెరిస్తే లిస్టంతా ఎర్రగా ‘మిస్సింగ్ ఫైల్స్’. టెన్షన్‌లో అన్నీ డిలీట్ చేసి మళ్లీ దించబోయాను. అంత అవసరమే లేదు. అన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో ‘సెట్ లొకేషన్’ ఇచ్చి కొత్త ఫోల్డర్ చూపించి, తర్వాత ‘ఫోర్స్ రీచెక్’ కొడితే చాలు. టొరెంట్‌లో ఫైళ్లు ముక్కలుగా పంచుకుంటాం కదా, యాప్ ప్రతి ముక్కనూ చదివి, దాని హ్యాష్‌ని (ముక్కకు వేలిముద్రలాంటి కోడ్) టొరెంట్‌లో ఉన్న హ్యాష్‌తో పోల్చి చూస్తుంది. నాకు తెల్లవార్లూ పట్టింది. ఒకటి మాత్రం 99.8 శాతం దగ్గర ఆగింది. ఎప్పుడో అందులోని టెక్స్ట్ ఫైల్ తెరిచి, ఒక స్పేస్ కొట్టి సేవ్ చేసింది నేనే. ఒక్క అక్షరం మారినా ఆ ముక్క చెల్లదు. అది మళ్లీ దిగితే సరిపోయింది.

అప్పటినుంచి ఫైళ్లు జరిపినా, పేర్లు మార్చినా యాప్ లోపలే. ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసి పెట్టినప్పుడల్లా ‘E’ డ్రైవ్ కాస్తా ‘F’ అయిపోతుంటే, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి ‘T’ అనే అక్షరం ఖాయం చేశాను.

ఆటోమేటిక్ మేనేజ్‌మెంట్ పెట్టుకుంటే ఒక్కో కేటగిరీకి ఒక్కో ఫోల్డర్. బాగుంటుంది, కానీ కేటగిరీ మారిస్తే ఫైళ్లూ కదులుతాయి. తెలియక ఓసారి 40 జీబీ అటూ ఇటూ తిప్పాను.

అప్‌లోడ్‌కి లిమిట్ తప్పకుండా పెట్టుకోండి. లైన్ మొత్తం సీడింగే తినేస్తే వీడియో కాల్ ముక్కలవుతుంది, బ్రౌజింగ్ కూడా నత్తనడకే. నేను నా అప్‌లోడ్ వేగంలో 70 శాతం దగ్గర ఆపాను. పగలు ఇంకా తక్కువ. షెడ్యూలర్ దానంతటదే మారుస్తుంది.

మా కనెక్షన్ సీజీనాట్ వెనక ఉంది, అంటే ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌ని చాలామంది కస్టమర్లకు కలిపి ఇస్తారు. యాప్ కింది పట్టీలో, కనెక్షన్ బాగుంటే కనిపించే ప్లగ్ బొమ్మకు బదులు ఎప్పుడూ మంట గుర్తే. బయటివాళ్లు నేరుగా నా దగ్గరికి రాలేరు, పోర్ట్ (బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే దారి) తెరిచి ఉన్నవాళ్ల దగ్గరికి నేనే వెళ్లాలి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్‌తో రెండు ఆదివారాలు కుస్తీ పట్టాక గానీ ఈ సంగతి బోధపడలేదు.

విండోస్ మళ్లీ వేసేముందు క్యూబిట్‌టొరెంట్‌కి చెందిన బీటీ_బ్యాకప్ (BT_backup) ఫోల్డర్ కాపీ చేసుకోండి. లిస్టంతా అందులోనే ఉంటుంది.

డెబియన్‌కి సీడర్లు కొల్లలు, నా వంతు లెక్కలోకి రాదు. సీడర్‌గా నేనొక్కడినే కనిపించే పాత లినక్స్ ఐఎస్‌ఓ ఒకటుంది. మొన్న రాత్రి 97 శాతం దగ్గర ఆగిపోయిన ఎవరో తగిలారు. మిగిలిన 3 శాతం తీసుకుని మాయమయ్యారు. ఆ ఐఎస్‌ఓకి నా రేషియో (దించుకున్నదానికి, పంచినదానికి నిష్పత్తి) 0.03 పెరిగింది.