కొత్త సంగీత సీజన్: కళాక్షేత్రమా, కోటా?

ఓరుగల్లులో సమకాలీన సంగీతం, అంటే ఈ కాలపు స్వరకర్తలు కొత్తగా రాసిన రచనలతో కచేరీల సీజన్ మొదలుపెట్టాలంటే ముందు తేలాల్సింది వేదిక.

హన్మకొండలో 2024 నవంబర్‌లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం ఒక దారి. ఈ తరహా సంగీతంలో వాద్యం వినీ వినపడనట్టు మోగే చోట్లుంటాయి, మధ్యలో నిశ్శబ్దం ఉంటుంది. వయొలిన్ తీగ మీద కమాను గీరుకునే చప్పుడు కూడా కొన్నిసార్లు రచనలో భాగమే. అది వెనక వరుస దాకా చేరాలంటే నాలుగు గోడలు కావాలి. వానొస్తుందన్న టెన్షన్ కూడా ఉండదు.

రెండో దారి కోట. ఖిలా వరంగల్‌లో కాకతీయ తోరణాల మధ్య కచేరీ అంటే చూడ్డానికి తిరుగులేదు. కానీ రక్షిత కట్టడం, పురావస్తు శాఖ అనుమతి తెచ్చుకోవాలి. ఆరుబయట మైకులు తప్పవు. మైకు పెడితే ఆ సన్నని తేడాలు చాలావరకు పోతాయి. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లకు నిబంధనలు అడ్డొస్తాయి.

డప్పు, ఒగ్గు డోలు కోసం కొత్తగా రాసిన రచనైతే మాత్రం నా ఓటు కోటకే. ఆ వాద్యాలు వాడకట్టులో, జాతరలో పెరిగినవి. హాల్లో మోగిస్తే మన చెవులు గింగిర్లెత్తుతాయి.

అందుకే సీజన్ పాస్ కళాక్షేత్రానికే పెట్టాలి. శివరాత్రి దాటి చలి తగ్గాక, ఎండలు ముదరకముందే, ఒక్క సాయంత్రం కోటలో డప్పులకు వదిలెయ్యాలి.