స్థలం కొనేవారికి ఆన్‌లైన్ ఈసీ: ఎంతవరకు నమ్మవచ్చు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖలు తమ వెబ్‌సైట్లలో అందిస్తున్న ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) సేవ, స్థలాల మీద పెట్టుబడి పెట్టేవారి చేతిలో ఉన్న సాధనాలన్నింటిలోకీ విలువైనదని నా అభిప్రాయం. 1983 నుంచి రిజిస్టరైన విక్రయాలు, దాన సెటిల్‌మెంట్లు, తనఖాలు, వాటి విడుదలలు ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఒకప్పుడు ఇందుకోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చేది.

అయితే ఈ సేవను ఎక్కువమంది సగమే వాడుకుంటున్నారు. అమ్మకందారు ఇచ్చిన దస్తావేజు నంబరు, సంవత్సరం నమోదు చేసి, వచ్చిన కాగితాన్ని చూసి తృప్తిపడుతున్నారు. ఆ వెతుకులాట ఆ దస్తావేజులో రాసిన ఆస్తి వివరాల మీదే ఆధారపడుతుంది. అదే భూమిని వేరొకరు 125/ఎ అని కాకుండా 125/అ అనో, ఉత్త 125 అనో రాసి రిజిస్టరు చేయించి ఉంటే ఆ లావాదేవీ అందులోకి రాకపోవచ్చు. అందుకే ప్లాటు నంబరు వదిలేసి, గ్రామం, సర్వే నంబరు మాత్రమే ఇచ్చి, ఆ నంబరును రాయగలిగిన అన్ని రూపాలలోనూ మరోసారి వెతకాలి. జాబితా పొడవుగా వస్తుంది, ఓపిక కావాలి. ప్రతి వరుసలోనూ రాసిచ్చినవారు, రాయించుకున్నవారు ఎవరో, నాలుగు హద్దులు ఏమిటో సరిచూసుకుంటూ పోతే, ఒకే ప్లాటు ఇద్దరికి అమ్ముడైన సంగతైనా, విడుదల కాని బ్యాంకు తనఖా అయినా అక్కడే బయటపడుతుంది.

ఈసీలో ఏమీ కనిపించనంత మాత్రాన హక్కు నిష్కళంకమని అనుకోకూడదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలోకి, వీలునామాలు మూడో పుస్తకంలోకి వెళతాయి. ఈసీ ఒకటో పుస్తకాన్ని చూసి ఇచ్చేది కాబట్టి, అమ్మకందారు తండ్రి రాసిన వీలునామా రిజిస్టరై ఉన్నా అందులో కనిపించదు. విక్రయ ఒప్పందంతో కలిసిన జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించేందుకు ఇచ్చే అధికారపత్రం) కనిపిస్తుంది గాని, ఉత్త జీపీఏ సాధారణంగా నాలుగో పుస్తకంలో ఉండిపోతుంది. రిజిస్టరు కాని ఒప్పందాలు, వారసుల మధ్య నడుస్తున్న పార్టిషన్ దావాలు కూడా ఇందులో దొరకవు. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు రిజిస్టరు కాకపోతే, దానిని సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో వేరుగా వెతకాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన జాబితాలో ఉన్న అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల సంగతి కూడా విడిగా చూసుకోవలసిందే.

తెలంగాణలో పొలాలను ప్లాట్లుగా మార్చిన చోట మరింత జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో ధరణి అనే ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ల వద్ద జరుగుతున్నాయి. అందువల్ల సబ్ రిజిస్ట్రార్ రికార్డు నుంచి వచ్చిన ఈసీతో ఆ భూమి చరిత్ర మొత్తం రాదు. ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతిలోని వివరాలు కూడా పక్కన పెట్టుకుని చదవాలి. లేఅవుట్ వేసిన సంస్థ ప్రతినిధి చూపించే ఒక్క పేజీ ఈసీ మీద బయానా ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను.

1983కు ముందటి లింక్ డాక్యుమెంట్లు (గత యజమానుల పాత దస్తావేజులు) ఉన్న పాత స్థలాలకు మాత్రం ఈ వెబ్‌సైట్లు చాలవు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి పాత రికార్డులు వెతికించి, ఆ కాగితాలను అమ్మకందారు తరఫు కాకుండా మనం పెట్టుకున్న న్యాయవాదికి చూపించాలి.