వాగ్దాన కార్డుల పెట్టె: ఆసుపత్రి మంచం పక్కకు పనికొస్తుందా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధన దగ్గర పడుతోందంటే తిరుపతి, చిత్తూరు క్రైస్తవ పుస్తకాల షాపుల్లో వాగ్దాన కార్డుల పెట్టెలు, అంటే ఒక్కో అట్ట మీద దేవుడు మాటిచ్చిన ఒక్కో బైబిలు వచనం అచ్చువేసినవి, బల్ల మీదికి వచ్చేస్తాయి. కొత్త సంవత్సరానికి ఒక కార్డు తీసుకోవడం వేరు. తిరుపతిలోని రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో వారాల తరబడి పడుకున్న మనిషిని చూడ్డానికి వెళ్తూ, పండ్లతో పాటు ఆ పెట్టె కూడా పట్టుకెళ్లడం వేరు. మేం చూసింది ఈ రెండో వాడకాన్నే.

అట్ట గట్టిది, తడిచేత్తో పట్టుకున్నా పాడవదు. చిత్తూరు నుంచి వేలూరుకు వైద్యం కోసం బస్సులో తిరిగే రోగికి బైబిలు బరువే, నాలుగు కార్డులు మందుల కవర్లోనే ఇమిడిపోతాయి. అంతవరకు బాగుంది. కానీ నున్నటి లామినేషన్ మీద ట్యూబులైటు పడితే, పడుకున్న మనిషికి తెల్లటి మెరుపు తప్ప అక్షరం కనిపించదు. అధ్యాయం, వచనం నంబర్లు చీమ తలకాయంత. బైబిలు తెరవడానికి దారి చూపేవి అవే కదా!

అసలు లోపం మాత్రం కత్తిరింపులో ఉంది. మీకు మేలే తలపెట్టానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 కార్డు చేతికి రాగానే, వచ్చే వారం డిశ్చార్జి అన్నంత ఆశ పుడుతుంది. దాని పైవచనం బబులోనులో 70 ఏళ్లు గడవాలంటుంది. ఆ మాట బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు రాసిన ఉత్తరంలోది. ఆ 70 తీసేస్తే వాగ్దానం గడువు చీటీ అయిపోతుంది. గడువు దాటాక రోగి దేవుణ్ణి కాదు, తనలో విశ్వాసం లేదని తననే నిందించుకుంటాడు. కీర్తన 34:19లో ఆపదలన్నిటి నుంచి దేవుడు విడిపిస్తాడనే రెండో సగమే వేసిన కార్డు కనబడితే పక్కన పెట్టేయండి. 'నీతిమంతునికి కలుగు ఆపదలు అనేకములు' అన్న మొదటి సగమే మంచం మీదున్న మనిషికి ఊపిరి. తనకు జబ్బు రావడం తన భక్తిలో లోపం కాదని అక్కడ తెలుస్తుంది.

ఉన్నవాటిలో నమ్మకంగా ఇవ్వదగినది యెషయా 43:2. జలములలో పడి దాటేటప్పుడు తోడుంటానన్నాడే గాని, నీళ్లే ఉండవని అనలేదు. 'నా కృప నీకు చాలును' కార్డు కూడా మంచిదే, అయితే అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాకే ఆ జవాబు వచ్చిందని చెప్పి ఇవ్వాలి. స్వస్థత వాగ్దానాలను స్టూలు మీద వదిలేసి రాకండి, పక్కన కూర్చుని కలిసి చదవండి.

ఇంట్లోనే చేసుకోగల మరమ్మతు ఒకటుంది. కార్డు వెనక పర్మనెంటు మార్కరుతో ఆ వచనానికి పైనున్న వచనాల నంబర్లు పెద్దగా రాయండి. జెల్ పెన్ను నున్నటి అట్ట మీద అలుక్కుపోతుంది. దేవుని వాత్సల్యత ఎడతెగదనే విలాపవాక్యములు 3:22 వెనక '1 నుంచి 20 కూడా' అని రాస్తే చాలు, ఎంత ఏడ్చాక ఆ నిరీక్షణ పలికిందో తెలుస్తుంది. వారానికి ఒక్క కార్డే ఇవ్వండి. రోజుకొకటి అందిస్తే ఏదీ మనసుకెక్కదు. 'చదవమంటారా?' అని అడిగి, వద్దంటే ఊరుకోండి. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంత కాలం తప్పు చేయలేదు.

పెట్టెలో మాకు దొరకనిది కీర్తన 88. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అంటూ ముగిసే ప్రార్థనను ఎవరు అచ్చువేస్తారు? కానీ రాత్రి రెండింటికి నిద్రపట్టని మనిషికి, అలా మొరపెట్టడమూ విశ్వాసమేనని చూపించే పేజీ అదే. తెల్ల అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టెలో చేర్చండి. పక్కనే ఆరు వచనాల కీర్తన 13 పెట్టండి, చదవడానికి నిమిషం పట్టదు.

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, రెండుసార్లు. కాబట్టి పెట్టెతో పాటు రోగికి తోడున్నవాళ్లకు టిఫిను కూడా తీసుకెళ్లండి. షాపులో మూత తీసి యెషయా 43:2 ఉందో లేదో చూసుకుని, ఒక కార్డును లైటు కింద ఏటవాలుగా పట్టి, అక్షరం కనిపిస్తేనే కొనండి.