ఆన్‌లైన్ బీఎస్ఎన్ చేసి ఎన్‌పీకి వెళ్లాలంటే: గ్రేడ్లిచ్చే కోర్సు మేలా, పాస్ మాత్రమే ఇచ్చేది మేలా?

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ, అంటే రోగులను పరీక్షించి మందులు రాసే పైస్థాయి నర్స్) సీటుకు దరఖాస్తు పెట్టే ఆర్‌ఎన్‌లలో (లైసెన్స్ ఉన్న నర్సుల్లో) చాలామందిది ఒకటే భయం: బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ) ఆన్‌లైన్లో చేశాం, తీసుకుంటారా అని. తీసుకుంటారు. కాలేజీలు ముందు చూసేది ఆ నర్సింగ్ ప్రోగ్రామ్‌కు సీసీఎన్ఈ, ఏసీఈఎన్, సీఎన్ఈఏ అనే సంస్థల్లో ఏదో ఒకదాని గుర్తింపు ఉందా అని. యూనివర్సిటీకి ఉన్న గుర్తింపు వేరు, నర్సింగ్ ప్రోగ్రామ్‌కు ఉన్నది వేరు. రెండోది లేకపోతే చాలాచోట్ల దరఖాస్తు మొదటి వడపోతలోనే ఆగిపోతుంది.

అసలు తేడా మార్కుల దగ్గర వస్తుంది. ఆన్‌లైన్ ఆర్‌ఎన్-టు-బీఎస్ఎన్ కోర్సులు రెండు రకాలు. స్టేట్ యూనివర్సిటీలు ఎక్కువగా సెమిస్టర్ పద్ధతిలో ఏ, బీ గ్రేడ్లిస్తాయి. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ లాంటిచోట 6 నెలల టర్మ్‌కు ఒకే ఫీజు. ఆ గడువులో ఎన్ని కోర్సులు పూర్తి చేసినా అంతే. చురుగ్గా చదివేవాళ్లకు డబ్బూ కాలమూ కలిసొస్తాయి. కానీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) ఉండేది పాస్ మాత్రమే, దాన్ని 4.0కు 3.0తో సమానంగా లెక్కిస్తారు.

ఇది ఎవరికి దెబ్బ? ఏడీఎన్‌లో (బీఎస్ఎన్‌కు ముందు చేసే రెండేళ్ల నర్సింగ్ డిగ్రీలో) 60 క్రెడిట్లకు జీపీఏ (గ్రేడ్ల సగటు) 2.8 ఉందనుకోండి. ఎన్‌పీ కాలేజీలు సాధారణంగా కనీసం 3.0 అడుగుతాయి. గ్రేడ్లిచ్చే బీఎస్ఎన్‌లో 30 క్రెడిట్లు 3.8తో చేస్తే మొత్తం 3.13కు చేరుతుంది, గడప దాటినట్టే. అవే 30 క్రెడిట్లు 3.0 లెక్కన వస్తే 2.87 దగ్గరే ఆగిపోతారు. పాస్ కోర్సులను లెక్కలోకే తీసుకోని కాలేజీ అయితే 2.8 అలాగే ఉంటుంది. కాబట్టి పాత మార్కులు తక్కువైతే గ్రేడ్లిచ్చేదే మేలు, ఏడాది ఎక్కువ పట్టినా సరే. పాత జీపీఏ 3.4 పైన ఉంటే పాస్ పద్ధతి వల్ల పెద్ద నష్టం లేదు. కొన్ని కాలేజీలు చివరి 60 క్రెడిట్లే చూస్తాయి, కొన్ని సైన్స్ సబ్జెక్టులు విడిగా చూస్తాయి. ఏది చూస్తారో అడ్మిషన్ ఆఫీసును ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

మార్కులు సరిపోయినా అనుభవం తక్కువైతే కష్టమే. ఫ్యామిలీ ఎన్‌పీకి చాలాచోట్ల ఏడాది, రెండేళ్ల ఆర్‌ఎన్ ఉద్యోగం అడుగుతారు. అక్యూట్ కేర్‌కైతే ఐసీయూ లాంటి విభాగంలో పనిచేసి ఉండటం బాగా పనికొస్తుంది. స్టాటిస్టిక్స్ ఎప్పుడో చేసినదైతే మళ్లీ చేయమనే కాలేజీలూ ఉన్నాయి.

ఇక ఎన్‌పీ కోర్సే ఆన్‌లైన్లో చేయాలా, ఊళ్లో ఉన్న కాలేజీలోనా? పాఠాలు ఎక్కడ విన్నా ఒకటే, తిప్పలు పెట్టేది క్లినికల్స్, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణ. ఇదివరకు కనీసం 500 గంటలుండేది, 2022 జాతీయ ప్రమాణాలు 750కి పెంచాయి. చాలా ఆన్‌లైన్ కాలేజీలు ప్రిసెప్టర్‌ను (ఆ శిక్షణలో పక్కనుండి నేర్పేవారిని) విద్యార్థినే వెతుక్కోమంటాయి. దొరక్క సెమిస్టర్ వెనక్కి జరిగేవాళ్లున్నారు, ఏజెన్సీలకు డబ్బు కట్టేవాళ్లున్నారు. అందుకే ఫీజు కాస్త ఎక్కువైనా ప్రిసెప్టర్‌ను తామే చూపిస్తామని రాతపూర్వకంగా చెప్పే కాలేజీకే మా ఓటు. మీరుండే రాష్ట్రం విద్యార్థులను ఆ ఆన్‌లైన్ కోర్సు చేర్చుకుంటుందో లేదో కూడా డిపాజిట్ కట్టకముందే చూసుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో జీఎన్ఎం చేసి, ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష) పాసై అమెరికాలో లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకు ఆర్‌ఎన్-టు-బీఎస్ఎన్ దారి పనికొస్తుంది. మార్కులను కోర్సువారీగా మదింపు చేయించాలి. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు ఇంకో బీఎస్ఎన్ చేసేముందు, సీజీఎఫ్ఎన్ఎస్ (విదేశీ నర్సింగ్ చదువులను మదింపు చేసే సంస్థ, ఇప్పుడు పేరు ట్రూమెరిట్) మదింపుతో నేరుగా తీసుకునే ఎన్‌పీ కాలేజీలున్నాయేమో వెతకాలి. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు పూర్తి ఆన్‌లైన్ కోర్సు చదవొచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీదైతే కుదరదు: పూర్తికాల చదువులో ఒక సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్లే లెక్కకొస్తాయి.